సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్: యార్డు చుట్టూ ఒక రౌండు వేసి డబ్బులు కట్టకండి

బెంగళూరులో పాత ఆటోమేటిక్ కారు చూస్తున్న మనవాళ్లు జాగ్రత్త. యార్డుల్లో గేర్ లివర్ పక్కన ప్లస్, మైనస్ చూపించి "మాన్యువల్ కూడా ఉంది సార్, క్లచ్ గొడవ లేదు" అని అంటగడుతున్నారు. ఆ గుర్తులు ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్, గేరు తనంతట మార్చే యంత్రం తగిలించినది) మీదా, డీసీటీ (రెండు క్లచ్‌లది) మీదా, టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్ శక్తిని అందించేది) మీదా, సీవీటీ (పుల్లీలు, బెల్టుతో నడిచేది) మీదా ఉంటాయి. బండి ఏ రకమో ముందు తేల్చుకోండి.

ప్లస్ కొడితే మీరు గేరు అడుగుతారంతే. క్లచ్ ఎప్పుడు కలపాలో కంప్యూటరే చూసుకుంటుంది. వేగంలో మైనస్ కొడితే ఇంజిన్ ఆర్పీఎం హద్దు దాటుతుందనుకుంటే ఒప్పుకోదు. సీవీటీలో అసలు గేర్లే లేవు, పుల్లీలను కొన్ని నిష్పత్తుల దగ్గర ఆపి గేరు మారినట్టు అనిపిస్తుంది. అందులో వేరే ఆయిల్ పోస్తే బెల్టు జారి పాడవుతుంది, అందుకే పాత సర్వీసు బిల్లులో ఏ ఆయిల్ వాడారో చూడండి.

ఎక్కువగా మునిగేది డ్రై క్లచ్ డీసీటీలోనూ, ఏఎంటీలోనూ. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీలు మొదలయ్యాయి, పదేళ్లు దాటినవీ ఇప్పుడు అమ్మకానికి వస్తున్నాయి. సిల్క్ బోర్డ్ జామ్‌లో అంగుళం అంగుళం కదిలేటప్పుడు క్లచ్ సగం పట్టి, సగం జారుతూ వేడెక్కుతుంది. డ్రై క్లచ్‌ను చల్లబరిచే ఆయిల్ ఉండదు, ప్లేటు అరిగిపోతుంది. ఆ అరుగుదల వేడెక్కాకే బాగా బయటపడుతుంది కాబట్టి అయిదు నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో ఏమీ తెలియదు.

చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మీరొచ్చేముందే స్టార్ట్ చేశారన్నమాట. చల్లటి బండిలో బ్రేకు తొక్కి ఆర్ (రివర్స్) నుంచి డీ (డ్రైవ్)కి మార్చండి. ఆలస్యమైనా, ధడేల్మన్నా అనుమానించాల్సిందే. తర్వాత అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, మాన్యువల్‌లో ఒకటో గేరు, రెండో గేరు మధ్య 10 కిలోమీటర్ల వేగంతో పాకించండి. సీటు కింద గడగడమని వణుకు వస్తే క్లచ్ ఖర్చు తప్పకపోవచ్చు. బేస్‌మెంట్ ర్యాంపు మీద రివర్స్‌లో మెల్లగా ఎక్కిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వాలు మీద బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, బ్రేకే వాడండి.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) వాళ్లది వద్దు, మీరే తెచ్చుకోండి. చవక బ్లూటూత్‌వి చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి, గేర్‌బాక్స్ కంప్యూటర్‌నీ చదివేది కావాలి. కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా బండ్లలో కనిపిస్తుంది. ఆ అంకె పదుల్లోనే ఉంటే ఎందుకు చెరిపారో అడగండి. "బ్యాటరీ మార్చాం సార్, అందుకే చెరిగాయి" అంటే బ్యాటరీ బిల్లు, దాని మీద తేదీ చూపించమనండి.