కాన్పు కుట్ల నొప్పికి లేజర్ చికిత్స: 16 నెలల తరువాత నా సమీక్ష

మా పాపకు ఇప్పుడు 16 నెలలు. కాన్పు సమయంలో నాకు ఎపిసియోటమీ చేశారు. అంటే బిడ్డ తల బయటికి రావడానికి యోనిద్వారం దగ్గర కుడివైపుకు ఏటవాలుగా కోత పెట్టి, తరువాత కుట్లు వేశారు. ఆ కుట్ల దగ్గర మిగిలిపోయిన నొప్పికి రెండు విడతలుగా మొత్తం 14 సార్లు లేజర్ చికిత్స తీసుకున్నాను. మొదటి విడత నాకు ఉపయోగపడింది, రెండో విడత పడలేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో ముందే తెలిసి ఉంటే కొన్ని నెలల బాధ తప్పేది కనుక వివరంగా రాస్తున్నాను.

పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ అమ్మ పొద్దునా సాయంత్రం టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి నన్ను కూర్చోబెట్టేది. కుట్లు కరిగిపోయాయి, పైకి గాయం మానింది, అయినా కుడి తుంటి మీద బరువు పడితే సూది గుచ్చినట్టు పోటు వచ్చేది. రాత్రిళ్ళు పాలిచ్చేటప్పుడు తువ్వాలు చుట్టగా చుట్టి ఎడమ తుంటి కింద పెట్టుకుని ఒరిగి కూర్చునేదాన్ని, తెల్లవారేసరికి నడుము పట్టేసేది. ఆరో వారం చెకప్‌లో ఈ మాట చెబితే, గాయం బాగానే మానింది, నొప్పి దానంతటదే పోతుందన్నారు. ఎక్కడ నొప్పిగా ఉందో చేత్తో తాకి చూడలేదు. బాలింతకు ఇదంతా మామూలే అనుకుని సరిపెట్టుకోమనడం అన్యాయమని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

ఏడో వారంలో, స్త్రీల కటి కండరాల, అంటే పొత్తికడుపు అడుగున మూత్రాశయాన్నీ గర్భాశయాన్నీ మోసే కండరాల, సమస్యలు చూసే ఫిజియోథెరపిస్టు దగ్గర లేజర్ మొదలుపెట్టాను. వారానికి రెండుసార్లు చొప్పున ఐదు వారాలు వెళ్ళాను. లావుపాటి పెన్నులాంటి పరికరం కొనకు పల్చని ప్లాస్టిక్ తొడుగు వేసి, మచ్చ పొడవునా ఒక్కొక్క చోట ఆనించి, బీప్ శబ్దం వచ్చేదాకా కదలకుండా పట్టుకునేవారు. ఆమే కాదు, నేనూ ముదురు రంగు కళ్ళద్దాలు పెట్టుకోవాల్సి వచ్చేది, ఎందుకంటే ఆ కాంతి కంటికి కనిపించకపోయినా రెటీనాను దెబ్బతీయగలదు. వేడి లేదు, మంట లేదు, అసలేమీ తెలియదు. పది నిమిషాల్లో అయిపోయేది. చికిత్స కంటే, ఆటోలో స్పీడ్‌బ్రేకర్లు దాటుతూ అక్కడికి చేరడమే నాకు కష్టంగా ఉండేది.

మొదటి మూడుసార్లకు మార్పేమీ కనిపించలేదు. ఐదోసారి తరువాత సలుపు తగ్గింది. పదోసారికి రెండు తుంటుల మీదా సమంగా కూర్చుని పాపకు పాలివ్వగలిగాను. అయితే ఈ ఘనతంతా లేజర్‌కే కట్టబెట్టలేను, ఎందుకంటే ఆ ఐదు వారాల్లో గాయం కూడా లోపల తనంతట తాను మానుతూనే ఉంది. ఇలాంటి తక్కువ శక్తి లేజర్, మన శరీర కణాల్లో శక్తి ఉత్పత్తిని పెంచి, వాపును తగ్గిస్తుందని చెబుతారు. కానీ బ్రెజిల్‌లో ఎపిసియోటమీ అయిన తల్లుల మీద చేసిన పరీక్షల్లో, నిజంగా లేజర్ ఇచ్చినవారికీ, ఆపేసిన పరికరాన్ని ఆనించినవారికీ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదన్న ఫలితాలు కూడా ఉన్నాయి. డబ్బు కట్టే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఐదో నెలలో దాంపత్య జీవితం మళ్ళీ మొదలయ్యాక, లోపల తట్టుకోలేని నొప్పి వచ్చింది. ఇది కుట్ల నొప్పే అనుకుని నాలుగుసార్లు మళ్ళీ లేజర్‌కు వెళ్ళాను. ఇసుమంత కూడా తగ్గలేదు. అప్పుడు ఫిజియోథెరపిస్టు చేతి తొడుగు వేసుకుని లోపల పరీక్షించి, సమస్య మచ్చలో లేదని, నెలల తరబడి నొప్పికి భయపడి బిగబట్టిన కటి కండరాలు వదులు కావడం మరిచిపోయాయని చెప్పారు. అంతవరకూ నేను శ్రద్ధగా చేస్తున్న కీగెల్ వ్యాయామాలు, అంటే మూత్రం ఆపుకున్నట్టు కండరాలను బిగించడం, నా బిగుతును ఇంకా పెంచాయట. వాటిని ఆపించి, పొట్ట నిండా గాలి పీల్చుతూ ఆ కండరాలను కిందికి వదలడం నేర్పారు. మచ్చ మీద శుభ్రమైన బొటనవేలితో, కొబ్బరినూనె రాసుకుని, రోజూ ఐదు నిమిషాలు మెల్లగా నొక్కి రుద్దుకోమన్నారు. రెండు నెలల్లో నొప్పి దాదాపు పోయింది. నన్ను నిజంగా బాగుచేసింది ఈ భాగమేనని నా నమ్మకం.

ఇంకో మాట తప్పక చెప్పాలి. యోనిని బిగుతుగా చేస్తామని చెప్పి కొన్ని చోట్ల వాడే లేజర్ ఇది కాదు. అది కణజాలాన్ని వేడి చేస్తుంది. అలాంటి పరికరాలను ఆ పేరుతో వాడితే కాలిన గాయాలు, మచ్చలు, దీర్ఘకాలిక నొప్పి రావచ్చని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూలైలో హెచ్చరించింది. నన్ను కూడా ఒకచోట దానికే ఒప్పించబోయారు. ఏ రకం లేజర్ అని అడిగితే సూటిగా చెప్పలేకపోవడంతో వచ్చేశాను.

నాకు ఒక్కోసారికి 600 రూపాయలు పడింది, బీమా వర్తించలేదు. మానిన మచ్చ మీద పైపైన సలుపు ఉంటే ఐదారుసార్లు ప్రయత్నించి చూడవచ్చు, అప్పటికీ మార్పు లేకపోతే ఆపేయడమే మంచిది. చీము, జ్వరం, దుర్వాసన ఉన్నా, మలవిసర్జన మీద అదుపు తప్పినా ముందు డాక్టరుకే చూపించుకోవాలి. ఇప్పటికీ విజయవాడ నుంచి హైదరాబాదుకు బస్సులో ఐదారు గంటలు కూర్చుంటే కుడివైపు కొద్దిగా లాగినట్టు ఉంటుంది. దిగి కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. దాని కోసం మళ్ళీ లేజర్‌కు వెళ్ళలేదు.