సబ్సిడీ లోన్ ఇప్పిస్తానంటే నమ్మకండి: పర్లాకిమిడి, పాతపట్నం వాళ్లకు

మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో పర్లాకిమిడి, కాశీనగర్, పాతపట్నం వైపు ఎవరైనా పీఎంఈజీపీ లోన్ (సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీతో వచ్చే బ్యాంకు అప్పు) కోసం తిరుగుతుంటే ఇది చదివి వెళ్లండి. జిరాక్స్ షాపు వెనక గదిలో కూర్చునే ఆయన గురించే. పేరు రాయను, మీలో సగం మందికి తెలుసు.

నేను నర్సుగా చేసి మానేశాను. మా ఊళ్లో పిల్లలంతా హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోతే ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు చాలామంది. వాళ్లకు వేళకు తిండి, మందులు చూసేలా చిన్న వృద్ధాశ్రమం పెడదామనుకున్నా. 18 లక్షల ప్రాజెక్టు. సేవారంగానికి ఆ పథకంలో 20 లక్షల దాకా వీలుంది, పల్లెల్లో ఆడవాళ్లకు సబ్సిడీ 35 శాతం, మన చేతి నుంచి 5 శాతం పెడితే చాలు. ఇంతవరకు ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అందుకే మిగతాదీ నమ్మేశాను.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) 3,500, అప్లికేషన్ ఫీజు 4,000 తీసుకున్నాడు. రెండూ ఉచితమేనట! ప్రాజెక్టు రిపోర్టుకు 12,000. ఆపైన "ఇది ఉంటే బ్యాంకు తాకట్టు అడగదక్కా" అని గ్యారంటీ సర్టిఫికెట్‌కు 25,000. మూడు సింహాల బొమ్మ, రంగుల ప్రింటు, చూడముచ్చటగా ఉంది లెండి. ఇంజెక్షన్ వేసే ముందు సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ చూసే మనిషిని, ఆ కాగితం మీద సంతకం ఎవరిదో మాత్రం చూడలేదు.

బ్యాంకు మేనేజరు రిపోర్టు తిప్పి, "స్థలం ఖరీదు కలిపారేంటమ్మా? అది ప్రాజెక్టు ఖర్చులో రాదు" అన్నాడు. సర్టిఫికెట్ చూసి నవ్వాడు. ఆ గ్యారంటీని చిన్న అప్పులకు హామీ ఇచ్చే ప్రభుత్వ ట్రస్టు దగ్గర బ్యాంకే తీసుకుంటుందట, బయట ఎవరూ అమ్మరట.

నేరుగా షాపుకే వెళ్లా. నలుగురు కస్టమర్లున్నారు. అన్నాళ్లూ తెలుగులో అక్కా అక్కా అంటూ మా ఇంట్లో టీ తాగి, మా అత్తగారి జంతికలు పొట్లం కట్టించుకుని వెళ్లిన మనిషి తల ఎత్తి, ఒడియాలో "మీరెవరు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. డబ్బు సంగతి ఎత్తితే "రసీదు ఉందా?" అదీ ఒడియాలోనే, అందరికీ వినపడేలా. తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, ఇప్పుడు మళ్లీ తెలుగు: "గొడవ చేస్తే నీ ఫైలు ఏ బ్యాంకులోనూ కదలదు, ఇంటికి పో." మీరు కాస్తా నువ్వు అయిపోయింది. నేనింకా అక్కడ నిలబడి ఉండగానే పక్క కుర్రాడి దగ్గర ఆధార్ జిరాక్స్ అందుకున్నాడు, "ఇలాంటోళ్లు రోజూ వస్తుంటారు" అంటూ.

ఇంకోటి మరిచిపోయా. సబ్సిడీ మూడో నెలలో మన ఖాతాలో పడుతుందని, అందులో పది శాతం తనకివ్వాలని కూడా అన్నాడు. అసలు ఆ డబ్బు మన చేతికే రాదు. బ్యాంకు మూడేళ్లు డిపాజిట్‌గా ఉంచి, తనిఖీ అయ్యాక అప్పులో సర్దుతుంది. ఆ డబ్బు చూసుకుని మంచాలు, పరుపులు ఆర్డరు పెట్టినవాళ్లుంటే ఇప్పుడే ఆపుకోండి.

దరఖాస్తు పీఎంఈజీపీ పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు, రాకపోతే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. నేను సర్టిఫికెట్ డబ్బు నగదుగా ఇచ్చా, దానికి ఆధారం లేదు. మిగతాది ఫోన్‌పేలో పంపా కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఆయన ఫోన్‌పే నంబరుకు కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీరూ పెట్టండి.