చెక్కదా, ఫైబర్‌దా, ఇనుముదా: తీరిక వేళల్లో బాగుచేసుకోవడానికి ఏ పడవ మేలు?

పాత తెరచాప పడవ ఒకటి కొని, ఉద్యోగం చేసుకుంటూనే సెలవు దొరికినప్పుడల్లా బాగుచేసుకుందామనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: చెక్క పడవ తీసుకోవాలా, ఫైబర్‌గ్లాస్‌దా? రెండింటి మీదా పనిచేశాను. మొదటిది 22 అడుగుల చెక్క పడవ. నాలుగేళ్లు కష్టపడి, పని సగంలో ఉండగానే, రోజూ దాని దగ్గరుండగలిగిన ఒకాయనకు ఇచ్చేశాను. ఇప్పుడు చేస్తున్నది 26 అడుగుల ఫైబర్ పడవ. నా మొగ్గు ఎటో దీన్నిబట్టే తెలిసిపోతుంది.

అందం, ఖర్చు, పని ఎంత కష్టం అనే లెక్కలు అందరూ వేసుకునేవే. నేను మాత్రం ముందుగా ఒకటి ఆలోచించుకోమంటాను. పని మధ్యలో ఆపేసి మూడు నెలలు అటువైపు వెళ్లలేకపోతే, తిరిగొచ్చేసరికి పడవ ఎలా ఉంటుంది? ఆఫీసులో పని పెరుగుతుంది, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగుండదు, నాలుగు ఆదివారాలు వరసగా వాన పడుతుంది. తీరిక వేళల పని అంటే ఇలాగే తెగుతూ అతుక్కుంటూ సాగుతుంది.

చెక్క పడవ అన్నాళ్లు ఆగదు. పలక పక్కన పలక పేర్చి కట్టిన పడవలో సందుల్లో నూలు కూరి పైన పుట్టీ పెడతారు. నీళ్లలో ఉన్నంతకాలం పలకలు ఉబ్బి ఆ సందుల్ని బిగించి ఉంచుతాయి. ఒడ్డుకు లాగి నెలల తరబడి ఎండలో పెడితే పలకలు కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. దానికన్నా ప్రమాదం వాన నీళ్లు. సముద్రపు నీటిలోని ఉప్పు, చెక్కను పుచ్చబెట్టే శిలీంధ్రాన్ని కొంతవరకు పెరగనివ్వదు. గాలి ఆడని మూలలో నిలిచిన మంచినీళ్లు దానికి బలం. నా మొదటి పడవలో పక్కటెముకల్లా ఉండే ఫ్రేములు రెండు పుచ్చిపోతే మార్చాను. ఆ తర్వాత మూడు నెలలు వెళ్లలేకపోయాను. వాన పడకూడదని టార్పాలిన్‌ను అన్నివైపులా బిగించి కట్టి వెళ్లడం నేను చేసిన తప్పు. లోపల గాలి ఆడక చెమ్మ నిలిచిపోయింది. తిరిగొచ్చి పక్క ఫ్రేము అడుగున స్క్రూడ్రైవర్ గుచ్చితే మెత్తగా దిగిపోయింది. రెండు మార్చి వెళ్లినవాణ్ణి, మూడోదానితో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

చెక్కను తక్కువ చేసి మాట్లాడటం లేదు. పాడైన ముక్కను తీసేసి సరిగ్గా అలాంటి ముక్కనే పెట్టే వీలు ఇంకెందులోనూ అంత బాగా ఉండదు. చిత్రిక పడుతున్నప్పుడు వచ్చే వాసన, ఫ్రేమును ఆవిరిపట్టి వంచేటప్పుడు అది మాట విన్నట్టు వంగడం, ఇవి ఫైబర్ పనిలో ఎన్నేళ్లకీ దొరకవు. పైన కప్పు ఉన్న చోటుండి, రోజూ సాయంత్రం ఓ గంట వెళ్లగలిగితే చెక్కే తీసుకోండి.

ఫైబర్ పడవలో పెద్ద జబ్బు సాధారణంగా పైన మనం నడిచే తలమైన డెక్‌లో ఉంటుంది. చాలా పడవల్లో డెక్‌ను రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి కడతారు. రెయిలింగ్ కమ్మీలు, తాళ్లు కట్టే క్లీట్లు బిగించిన బోల్టుల పక్కనుంచి ఏళ్ల తరబడి నీరు దిగి ఆ బాల్సా కుళ్లిపోతుంది. చిన్న రంధ్రాలు చేసి రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం) ఎక్కిస్తే చాలని కొందరంటారు. తడిసిన చెక్కకు రెజిన్ అంటుకోదు, నమ్మకండి. పై పొర కోసి, కుళ్లింది తవ్వేసి, ఆరనిచ్చి, కొత్త బాల్సాను ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్‌తో) అతికించి, పైన మళ్లీ ఫైబర్ పొరలు వేయాలి. అతుకు దగ్గర అంచును పొర మందానికి 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీస్తేనే బలం వస్తుంది.

పని పెద్దదే, కానీ దాదాపు ఏ దశలోనైనా ఆపెయ్యొచ్చు. కోసి తవ్విన డెక్ మీద వాన పడకుండా, గాలి ఆడేలా కప్పి వెళ్తే మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉంటుంది. పైగా ఆరడానికి ఎలాగూ వారాలు పడుతుంది. ఎపాక్సీ కలిపాక మాత్రం నిమిషాల్లో వాడెయ్యాలి. గట్టిపడ్డాక చాలా రోజులకు వచ్చి మీద ఇంకో పొర వేయాలంటే, పైన తేలిన మైనం లాంటి పూతను నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్దాలి. రాకపోయినందుకు పోయేది ఆ ఒక్క పూట పని. దుమ్ము మాత్రం చెడ్డది. మామూలు గుడ్డ మాస్కు చాలదు, ఫిల్టర్లున్న రెస్పిరేటర్ పెట్టుకోవాల్సిందే. నీటిగీత కింద వచ్చే బొబ్బల గురించి జనం పడే టెన్షన్ చాలావరకు అనవసరం. అక్కడక్కడా చిన్నవి ఉంటే గీకి, ఆరబెట్టి, పూడ్చి, పైన ఎపాక్సీ పూత వేస్తే సరిపోతుంది.

ఇనుప పడవ లోపలివైపు నుంచి తుప్పు పడుతుంది. తుప్పు గీకిన రోజే ప్రైమర్ వేయకపోతే వచ్చే ఆదివారానికి మళ్లీ ఎర్రబడుతుంది. మీకు వెల్డింగ్ రాకపోతే వదిలేయండి. అల్యూమినియం పడవ దొరకడం అరుదు. సిమెంటు పడవకైతే లోపలి ఇనుప జాలి ఎలా ఉందో పైకి తెలియదు, నేనైతే కొనను.

తెరచాపలు, వాటిని కట్టే స్తంభమైన మాస్ట్‌ను పట్టి ఉంచే ఉక్కు తీగలు, ఇంజన్ల ఖర్చు ఏ పడవకైనా తప్పదు. అడుగున బరువైన కీల్‌ను బోల్టులతో బిగించిన పడవైతే ఆ బోల్టుల ఖర్చూ ఉంటుంది. అందుకే ఉచితంగా ఇస్తామన్న పడవనైనా ఆ లెక్క వేసుకున్నాకే ఒప్పుకోండి.

ఫైబర్ పడవ చూడ్డానికి వెళ్తే జేబులో ఓ చాక్‌పీస్ వేసుకోండి. స్క్రూడ్రైవర్ పిడితో డెక్ మీద అడుగడుగునా తట్టండి. బాగున్న చోట టక్కుమని గట్టిగా పలుకుతుంది, కుళ్లిన చోట బొదబొదమంటుంది. అలా పలికిన చోటల్లా చుట్టూ గీసుకుంటూ వెళ్తే, బేరానికి కూర్చునేలోపే మీకెన్ని ఆదివారాల పని ఉందో డెక్ మీద కనిపిస్తుంది.