సూపర్‌మ్యాన్ చావుకు కారణాలనేకం

మెరిసే నీలం సూట్, భుజాల మీదికి జారిన జుట్టు, అరమూసిన కళ్లు. సూపర్‌మ్యాన్ వేషంలో హాలీవుడ్ నటుడు నికోలస్ కేజ్ ఫొటో ఇది. ఏళ్ల తరబడి ఇంటర్నెట్‌లో నవ్వులపాలైంది. టిమ్ బర్టన్ తీయాల్సిన 'సూపర్‌మ్యాన్ లివ్స్' ఆగిపోవడమే మంచిదైందని వాదించేవాళ్లకి ఈ ఒక్క ఫొటో చాలు. జాన్ ష్నెప్ 2015లో తీసిన డాక్యుమెంటరీ 'ది డెత్ ఆఫ్ సూపర్‌మ్యాన్ లివ్స్: వాట్ హ్యాపెన్డ్?' ఆ ఫొటోకి ముందూ వెనకా ఏం జరిగిందో చూపిస్తుంది. నిడివి 104 నిమిషాలు. ఓ పావుగంట కోసేసినా నష్టం లేదు. ఆ పావుగంట సంగతి తర్వాత.

1987లో వచ్చిన నాలుగో సూపర్‌మ్యాన్ సినిమా బోల్తా కొట్టాక ఆ పాత్రని వెండితెర మీద ముట్టుకునే ధైర్యం ఎవరూ చేయలేదు. 1992 నవంబరులో కామిక్స్‌లో సూపర్‌మ్యాన్‌ని చంపేశారు. అది జరిగిన 'సూపర్‌మ్యాన్' కామిక్ 75వ సంచికలో పేజీకి ఒకే బొమ్మ. లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. చచ్చి బతికే హీరో కథతో కొత్తగా మొదలుపెట్టొచ్చని వార్నర్ బ్రదర్స్ స్టూడియోకి ఆశ పుట్టింది. పగ్గాలు నిర్మాత జాన్ పీటర్స్ చేతికొచ్చాయి.

కథ రాయడానికి వచ్చిన కెవిన్ స్మిత్‌కి పీటర్స్ మూడు షరతులు పెట్టాడట: హీరో ఆ సూట్ వేసుకోకూడదు, ఎగరకూడదు, చివర్లో ఓ పెద్ద సాలీడుతో కొట్లాడాలి. స్మిత్ దీన్ని వేదికల మీద చాలాసార్లు చెప్పాడు, నవ్వించడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఈ డాక్యుమెంటరీలో పీటర్స్ కూడా కెమెరా ముందు కూర్చోవడం అసలు విశేషం. ఆయన మాటలు వింటుంటే స్మిత్ అంతగా అతిశయోక్తులు చెప్పలేదేమో అనిపిస్తుంది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పే సంగతులు ఇంకా ఘాటు. పీటర్స్ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, గోడ మీది డ్రాయింగుల్లో ఏవి మంచి ఆటబొమ్మలవుతాయో తేల్చమనేవాడట. ఓ పత్రిక అట్ట మీద పుర్రె కనబడితే విలన్ బ్రెయినియాక్ అంతరిక్ష నౌక అలాగే ఉండాలన్నాడట. హాస్యం పక్కన పెడితే, స్క్రిప్ట్ తేలకముందే డిజైన్లు మొదలుపెడితే ఏమవుతుందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. బర్టన్ రాగానే స్మిత్ డ్రాఫ్ట్ పోయింది, వెస్లీ స్ట్రిక్ వచ్చాడు. స్ట్రిక్ రాసింది ఖర్చెక్కువని డాన్ గిల్‌రాయ్ వచ్చాడు. రచయిత మారినప్పుడల్లా సీన్లు మారతాయి, సీన్లు మారితే సెట్లు, జీవులు, వాహనాలు మళ్లీ గీయాలి. గీసేవాళ్లకి జీతాలు మాత్రం ప్రతి వారం ఇవ్వాల్సిందే.

డాక్యుమెంటరీకి ప్రాణం కాస్ట్యూమ్ టెస్టుల ఫుటేజ్. కాస్ట్యూమ్ డిజైనర్ కొలీన్ యాట్‌వుడ్, ఎఫెక్ట్స్ నిపుణుడు స్టీవ్ జాన్సన్ చెప్పేది వింటూ చూస్తే ఆ ఫొటో అర్థమే మారిపోతుంది. టెస్ట్ అంటే ఫస్ట్ లుక్ కాదు. చెయ్యెత్తితే చంక దగ్గర ముడత పడుతుందా, మెడ తిప్పితే కేప్ లాగుతుందా, ఏ లైటింగ్‌లో ఏ రంగు చచ్చిపోతుంది అని చూసుకునే పని. మెరిసే పదార్థం మీద ఎదురుగా ఫ్లాష్ పడితే చెక్కిన కండలన్నీ చదునైపోయి ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి. పైగా నటుడు రెప్ప వాల్చిన క్షణంలో నొక్కారు. అదే సూట్ కదులుతున్నప్పుడు చూస్తే అంత ఘోరంగా ఏమీ లేదు. జుట్టు కూడా కేజ్ చాదస్తం కాదు, చావు నుంచి తిరిగొచ్చిన సూపర్‌మ్యాన్‌కి కామిక్స్‌లోనూ అంతే జుట్టుంది.

ఇంకో సూట్ ఉంది, అదీ అసలు అద్భుతం. చనిపోయిన సూపర్‌మ్యాన్‌ని అతను పుట్టిన గ్రహం క్రిప్టాన్ సాంకేతికత తిరిగి నిలబెడుతున్నప్పుడు ఒంటి మీద ఉండేది. లోపలి నుంచి రంగు రంగుల లైట్లు వెలిగేలా కట్టారు. ఇప్పుడైతే ఇలాంటి వెలుగులు వీఎఫ్‌ఎక్స్‌లో అద్దేస్తారు. అప్పుడు లైట్లు, వైర్లు అన్నీ మనిషి ఒంటి మీదే సర్దాలి, అతను కదలగలగాలి కూడా. తెర మీద పని చేసేదో లేదో గానీ, ఓ గదిలో అది వెలుగుతుంటే కేజ్, బర్టన్ చిన్నపిల్లల్లా మురిసిపోవడం చూసి తీరాలి. సూపర్‌మ్యాన్ మామూలు మనిషిగా తిరిగే క్లార్క్ కెంట్ బట్టలు ప్రయత్నిస్తూ వాళ్లిద్దరూ మాట్లాడుకునే భాగంలో కేజ్ ఈ పాత్రని ఎంత సీరియస్‌గా తీసుకున్నాడో తెలుస్తుంది.

ఇంత చేశాక 1998లో, షూటింగ్ దగ్గరపడ్డాక, స్టూడియో చేతులెత్తేసింది. సూపర్‌మ్యాన్ ఉండే నగరం మెట్రొపోలిస్ కోసం పిట్స్‌బర్గ్ చూసి పెట్టుకున్నారు, దాదాపు 3 కోట్ల డాలర్లు ఖర్చయిపోయాయి. 1997లో 'బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్' పరువు తీశాక, మరో కామిక్ మీద అంత డబ్బు పెట్టడానికి వార్నర్‌కి వణుకు పుట్టింది. అప్పటి స్టూడియో పెద్ద లొరెంజో డి బొనవెంచురా తన వైపు కథ చెబుతాడు గానీ, ష్నెప్ ఇక్కడ గట్టిగా నిలదీయడు. ఏ పద్దు కింద ఎంత పోయిందన్న లెక్క లేదు. నటుడు, దర్శకుడు సినిమా తీసినా తీయకపోయినా డబ్బు తీసుకునే ఒప్పందాల గురించి విడమరిచి చెప్పి ఉంటే బాగుండేది.

మిగతా లోపాలు కూడా చిన్నవి కావు. ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లు మాట్లాడుతుంటే ష్నెప్ తల ఊపే షాట్లు మరీ ఎక్కువ. స్క్రిప్ట్‌లోని సీన్లని చవగ్గా తీసి చూపించిన భాగాలు, పక్కనే ఉన్న అసలు పెయింటింగుల ముందు వెలవెలబోతాయి. మొదట చెప్పిన పావుగంట ఇవే. అభిమానుల చందాలతో తీసిన సినిమా కాబట్టి కొంత సరిపెట్టుకోవచ్చు. పీటర్స్, స్మిత్ మాటలు పొసగని చోట్ల ఎవరిది నిజమో తేల్చే ప్రయత్నమూ లేదు. కేజ్ కొత్త ఇంటర్వ్యూ లేకపోవడం అన్నిటికన్నా పెద్ద వెలితి, పాత ఫుటేజ్‌తోనే నెట్టుకొచ్చారు.

చూసేముందు ఆ 75వ సంచిక తిరగేస్తే సగం సంగతులు తేలిగ్గా ఎక్కుతాయి. డిజైన్లు తెర మీదికొచ్చినప్పుడు పాజ్ నొక్కండి, ఎడిటింగ్ వాటి మీద నిలవదు.

సాలీడు మాత్రం ఊరికే పోలేదు. 1999లో పీటర్స్ నిర్మాతల్లో ఒకడిగా వచ్చిన 'వైల్డ్ వైల్డ్ వెస్ట్'లో ఇనుప సాలీడై తేలింది. 2023లో 'ది ఫ్లాష్' సినిమాలో కంప్యూటర్‌లో తయారైన కేజ్ సూపర్‌మ్యాన్‌గా నిజంగానే ఓ పెద్ద సాలీడుతో కొన్ని క్షణాలు కొట్లాడాడు. ఆ కొన్ని క్షణాలనీ ఈ టెస్ట్ ఫుటేజ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి, ప్రాణం ఉన్నది సగం కుట్టిన సూట్‌లోనే.