వైజాగ్‌లో రోజూ బండి తీసేవాళ్లకు ఏది మేలు: పెట్రోలా, కరెంటా, బస్సా?

పెట్రోల్ రేటు నిజంగా ఎక్కువేనా అంటే, మన రాష్ట్రంలో ఉన్నవాళ్లకు సూటిగానే చెప్పొచ్చు: ఎక్కువే. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించాక కూడా విశాఖలో లీటరు 108 రూపాయల పైనే నిలిచింది. అప్పుడు ఢిల్లీలో 95 లోపే. మనకు బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉన్న రిఫైనరీ మన ఊళ్లోనే ఉంది. దాని పొగగొట్టాలు కనిపించే మల్కాపురంలో కూడా పెట్రోల్ చవక కాదు.

దీనికి కారణం పన్ను. లీటరు మీద కేంద్రం ఎక్సైజ్ వేస్తుంది. 2025 ఏప్రిల్‌లో రెండు రూపాయలు పెంచాక అది 21 రూపాయల 90 పైసలకు చేరింది. పెట్రోల్ అసలు ధరకు ఆ ఎక్సైజ్‌ను, డీలర్ కమీషన్‌ను కలిపిన మొత్తం మీద రాష్ట్రం 31 శాతం వ్యాట్ వేస్తుంది. దాని పైన మళ్లీ లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల సెస్ మరో రూపాయి. అంటే కేంద్రానికి కట్టే పన్ను మీద కూడా రాష్ట్రానికి పన్ను కడుతున్నాం. 2025లో ఉన్న ఆ ఎక్సైజ్‌తో అన్నీ కలిపితే లీటరులో దగ్గర దగ్గర సగం పన్నులకే పోయేది. పెట్రోల్ జీఎస్టీలో లేదు కాబట్టి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రేటు. పుదుచ్చేరి కింద ఉన్న యానాంలో లీటరుకు పది రూపాయలకు పైగానే తేడా వస్తుంది. కాకినాడ వైపు వాళ్లకు అది పనికొస్తుందేమో గానీ మనకు దారి ఖర్చే ఎక్కువ.

ముడిచమురు తగ్గితే రేటు దిగుతుందని ఎదురుచూడటమూ దండగే. 2020లో కరోనా వల్ల ముడిచమురు ధర పాతాళానికి పడిపోయినప్పుడు, మే నెలలో పెట్రోల్ మీద ఎక్సైజ్‌ను ఒకేసారి పది రూపాయలు పెంచారు. తగ్గిన లాభం బంకు దాకా రానేలేదు. అందుకే రేటు ఇలాగే ఉంటుందనుకుని లెక్క కట్టుకోవడం మంచిది. ఆ లెక్క కూడా లీటరుకు కాకుండా కిలోమీటరుకు కట్టాలి.

లెక్కకు సులువుగా లీటరు 108 అనుకుందాం. ట్రాఫిక్‌లో లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటర్‌కు కిలోమీటరుకు 2 రూపాయల 40 పైసలు. 60 ఇచ్చే వంద సీసీ బైకుకు 1 రూపాయి 80 పైసలు. ఈ మధ్య ఇందులో కనిపించని పెంపు ఒకటి వచ్చింది. బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడో వంతు తక్కువ. పది శాతం కలిపిన రోజులతో పోల్చితే లీటరులో ఉండే శక్తి మూడు శాతం దాకా తగ్గింది. బోర్డు మీద రేటు మారకపోయినా మనకు కిలోమీటరు ఖర్చు పెరుగుతుంది.

ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్. మూడు యూనిట్ల బ్యాటరీ నిండడానికి, ఛార్జింగ్‌లో పోయేది కలిపి మూడున్నర యూనిట్లు అనుకోండి. కంపెనీ ఎంత చెప్పినా, మన ఎత్తుపల్లాల్లో, వెనకాల ఒక మనిషితో, 90 కిలోమీటర్లు వస్తే మంచిదే. ఇంటి కరెంటులో యూనిట్ ఆరు రూపాయల స్లాబు అయితే కిలోమీటరుకు పావలా కూడా పడదు. స్లాబు దగ్గర మాత్రం జాగ్రత్త. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సుమారు 40 యూనిట్లు అదనం. ఇంట్లో ఏసీ ఉండి బిల్లు ఇప్పటికే 225 యూనిట్లకు చేరి ఉంటే ఆ 40 యూనిట్లూ 8 రూపాయల 75 పైసల స్లాబులో పడతాయి. కరెంటు సంస్థలు పాత ఖర్చుల సర్దుబాటు కింద వేసే ట్రూఅప్ ఛార్జీలు వేరే. అలా అయినా కిలోమీటరుకు 35, 40 పైసలు దాటదు. పెట్రోల్ స్కూటర్‌తో పోలిస్తే కిలోమీటరుకు రెండు రూపాయల మిగులు.

రెండు రూపాయలంటే చాలా పెద్ద తేడా. అందుకే చాలామంది తొందరపడి కొనేస్తున్నారు. నా అభ్యంతరం ఇక్కడే. బాగా నడుస్తున్న బండిని పక్కన పెట్టి లక్ష రూపాయలతో కొత్త ఎలక్ట్రిక్ కొంటే, ఆ లక్ష తిరిగి రావడానికి 50 వేల కిలోమీటర్లు తిరగాలి. గాజువాక నుంచి రోజూ సిటీలోకి వచ్చిపోతూ నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది నాలుగేళ్ల పని. ఎంవీపీ కాలనీలో ఉండి మద్దిలపాలెంలో ఉద్యోగం చేస్తూ నెలకు 250 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు పదహారేళ్లు దాటుతుంది. అప్పటికి బ్యాటరీ ఉండదు. కొత్త బ్యాటరీ వేయించాలంటే అరలక్ష దాటొచ్చు. ఎలాగూ కొత్త బండి కొనాల్సిన వాళ్ల లెక్క వేరు. వాళ్లు పెట్రోల్ స్కూటర్‌కూ ఎలక్ట్రిక్‌కూ ఉన్న ధర తేడాను మాత్రమే చూసుకుంటే చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి ఆ తేడాను పాత ధరలతో వేసుకోవద్దు. తేడా 30 వేలు అనుకున్నా 15 వేల కిలోమీటర్లలో వచ్చేస్తుంది.

తుపానొస్తే కరెంటు బండి ఏం చేస్తుందని మన ఊళ్లో తప్పకుండా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక రోజుల తరబడి కరెంటు లేదు. కానీ అప్పుడు పెట్రోల్ కోసమూ బారులు తీరాం. బంకులో పంపు నడవడానికీ కరెంటే కావాలి. ఆ కారణంతో ఎలక్ట్రిక్‌ను పూర్తిగా కొట్టిపారేయలేం.

బస్సు సంగతి చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఆడవాళ్లకైతే 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలయ్యాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్టే లేదు. నేరుగా బస్సున్న దారిలో ఉద్యోగమైతే ఏ బండీ దీనితో పోటీ పడలేదు. నెలకు రెండు వేలు మిగలడమంటే పిల్లల ట్యూషన్ ఫీజుకు ఆసరా. మగవాళ్లకు నెల పాసు తీసుకుంటే, దూరం ఎక్కువైన కొద్దీ గిట్టుబాటవుతుంది. చిక్కల్లా బస్సు దిగాక మిగిలే దూరంతోనే. భీమిలి వెళ్లే 900కె ఎక్కి రుషికొండలో దిగితే, కొండ మీది ఆఫీసుకు మళ్లీ ఆటో కావాలి. ఆ ఆటోకు రోజూ ఇచ్చే డబ్బుతో స్కూటర్‌లో పెట్రోల్ పోయించుకోవచ్చు. అలాంటి చోట ఒకే ఆఫీసు వాళ్లు ఇద్దరు ఒక బండి మీద వెళ్లి ఖర్చు పంచుకోవడమే మేలు.

సీఎన్‌జీ గురించి పెద్దగా చెప్పను. ఆటోలకు, క్యాబ్‌లకు అది సరైన దారే, వాళ్లలో చాలామంది ఇప్పటికే మారారు. కొద్ది దూరం తిరిగే సొంత కారుకు మాత్రం కిట్ ఖర్చు, డిక్కీలో పోయే చోటు, గ్యాస్ కోసం నిలబడే సమయం చూస్తే నాకు లాభం కనిపించదు.

నా మనసు ఎక్కువగా ఆగేది డెలివరీ చేసే కుర్రాళ్ల దగ్గర. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగితే స్కూటర్‌కు 240 రూపాయల పెట్రోల్. రేటు పెరిగిన ప్రతిసారీ ఆ భారం వాళ్ల కూలిలోంచే పోతుంది. ఎలక్ట్రిక్ వల్ల అందరికన్నా ముందు బాగుపడేది వాళ్లే. రోజుకు రెండు వందలు మిగిలితే, నెలకు పాతిక రోజులు తిరిగినా ఐదు వేలు. కానీ అద్దె గదిలో ఉండేవాళ్లకు ఛార్జింగ్ పెట్టుకునే చోటు ఎక్కడ? మధ్యాహ్నం ఆర్డర్లు తగ్గాక ఒకసారి, రాత్రి ఒకసారి ఛార్జింగ్ దొరికితేనే ఆ బండి వాళ్లకు పనికొస్తుంది. జంక్షన్ల దగ్గర వాళ్ల కోసం పాయింట్లు పెట్టడం ఎంతో అవసరం.

పాత పెట్రోల్ బండితోనే ఉండిపోయే వాళ్లు టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూపించుకోండి, చైను ఎండిపోనివ్వకండి, ఎన్ఏడీ, హనుమంతవాక లాంటి చోట్ల సిగ్నల్ పెద్దదైతే ఇంజిన్ ఆపండి. మామూలు బైకులో పవర్ పెట్రోల్ పోయించడం డబ్బు పారేసుకోవడమే. కొలత మీద అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్రతో చూపించమని బంకులో అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. ఎలక్ట్రిక్ కొనాలనుకునేవాళ్లు షోరూముకు వెళ్లే ముందే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీ మీటరు నుంచి ప్లగ్ పాయింటు వేసుకోనిస్తారో లేదో అసోసియేషన్ దగ్గర మాట తీసుకోండి.