పోస్ట్‌ఫిక్స్: బయటివాడి స్పామ్‌కి దారివ్వదు, కానీ మైనెట్‌వర్క్స్ దగ్గర జాగ్రత్త

విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల హోల్‌సేల్ కంపెనీ మాది. సర్వర్ల పని నాది. సేల్స్ వాళ్లు సగం రోజులు రోడ్డు మీదే ఉంటారు, కొటేషన్లన్నీ ఫోన్ నుంచే పంపుతారు. నెట్‌వర్క్ మారినప్పుడల్లా ఐపీ అడ్రస్ మారిపోతుంది. వాళ్ల మెయిల్ ఎక్కణ్ణుంచైనా పోవాలి, ఎవడో బయటివాడి స్పామ్ మాత్రం మా సర్వర్ మీదుగా పోకూడదు.

ఈ విషయంలో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌కి వంక పెట్టడానికి లేదు. వీట్సే వెనెమా ఐబీఎం రీసెర్చ్‌లో ఉండగా రాశారు, 1998లో బయటికొచ్చింది, ఉచితం. 2.10 వెర్షన్ నుంచి రిలే (అంటే మన సర్వర్ మీదుగా మెయిల్ వేరే చోటికి పంపడం) నిబంధనలకు వేరే సెట్టింగ్ ఇచ్చారు. అంతకుముందు స్పామ్ రూల్స్, రిలే రూల్స్ ఒకే వరసలో ఉండేవి. స్పామ్ కోసమని పైన ఎక్కడో ఒక 'ఓకే' రాస్తే రిలే కూడా బార్లా తెరుచుకునేది. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. మన నెట్‌వర్క్ వాడైతే పంపు, లాగిన్ అయినవాడైతే పంపు, మిగతావాళ్లు మన డొమైన్‌కి కాని మెయిల్ తెస్తే తిప్పికొట్టు. అంతే.

మెయిల్ పంపడానికి ఫోన్లన్నీ 587 పోర్టులో లాగిన్ అవుతాయి. పాస్‌వర్డ్ సరిచూసేది డవ్‌కాట్ అనే వేరే ప్రోగ్రాం. టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే ఎన్‌క్రిప్షన్) లేకుండా పాస్‌వర్డ్ తీసుకోకుండా పెట్టాను. వేరే సర్వర్ల మెయిల్ వచ్చే 25 పోర్టులో లాగినే లేదు. బయటి మెషీన్ నుంచి టెల్‌నెట్ కమాండ్‌తో 25కి నేరుగా కనెక్ట్ అయి వేరే డొమైన్ అడ్రస్ ఇస్తే '554 5.7.1 రిలే యాక్సెస్ డినైడ్' అని మొహం మీదే చెప్పేసింది. మీరు పెట్టినా ఈ పరీక్ష బయటినుంచే చేయండి. ఆఫీసు లోపల కూర్చుని చేస్తే మనవాళ్లేనని అన్నీ పోవచ్చు, ఏమీ తెలియదు.

అసలు చిక్కంతా మైనెట్‌వర్క్స్ దగ్గరే, అంటే లాగిన్ లేకుండానే మెయిల్ పంపనిచ్చే ఐపీల జాబితా దగ్గర. మా అకౌంట్స్ రూములో పాత స్కానర్‌కి లాగిన్ అవడం రాదు, అందుకని దాని ఒక్క ఐపీనే రాశాను. చాలామంది మొత్తం సబ్‌నెట్ (ఆఫీసు లోపలి ఐపీలన్నీ) రాసేస్తారు. తెలిసినవాళ్ల ఆఫీసులో రౌటర్, బయటినుంచి వచ్చే ప్రతి కనెక్షన్‌నీ తన లోపలి ఐపీతో చూపించేది. ఆ ఐపీ సబ్‌నెట్‌లో ఉంది కాబట్టి పోస్ట్‌ఫిక్స్‌కి ప్రపంచమంతా మనవాళ్లే అయిపోయారు. తెల్లారేసరికి క్యూ నిండా ఎవరెవరివో మెయిల్స్, సర్వర్ ఐపీ బ్లాక్‌లిస్టులో. సర్వర్ లాగులో, అంటే అది రాసుకునే చిట్టాలో, కనెక్షన్లన్నీ ఒకే ఐపీ నుంచి కనిపిస్తుంటే వెంటనే అనుమానించాలి.

నచ్చనివీ ఉన్నాయి. లాగిన్ అయిన గుమాస్తా ఓనరు పేరుతో మెయిల్ పంపినా మామూలుగా ఊరుకుంటుంది. ఏ లాగిన్‌కి ఏ అడ్రస్ అన్న పట్టిక మనమే రాసి ఆపాలి. పాస్‌వర్డ్ దొంగిలించినవాడు కూడా దాని దృష్టిలో సొంత యూజరే. అలాంటివాణ్ణి గంటకిన్ని మెయిల్స్ అని కట్టడి చేద్దామంటే దాని సొంత లిమిట్లు ఐపీని బట్టే, యూజర్‌ని బట్టి కాదు. దానికి వేరే పాలసీ ప్రోగ్రాం తగిలించాలి.

లాగు చూసే మనిషి లేని ఆఫీసైతే డబ్బు పెట్టి హోస్టింగ్ మెయిల్ కొనుక్కోండి. ఉంటే ఇదే పెట్టండి. ఐదుకి నాలుగు ఇస్తాను, కోసిన ఒకటీ ఆ యూజర్ లిమిట్ కోసం.