బెల్ మైకు, ఎడిసన్ మైకు: ఏది మేలు?

టెలిఫోన్ అనగానే గ్రాహంబెల్ పేరే గుర్తొస్తుంది. కానీ మన ఇళ్లలో ఒకప్పుడు ఉన్న డయల్ ఫోన్లలో నోటి దగ్గర పనిచేసింది ఎక్కువగా ఎడిసన్ పద్ధతే.

1877 నాటి బెల్ ఫోన్లో ఒక అయస్కాంతం, దానికి చుట్టిన తీగ, ఎదురుగా పల్చని ఇనుప రేకు ఉండేవి. మాటకు రేకు అదిరితే తీగలో కాస్త కరెంటు పుడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. పైగా మాట్లాడిన పరికరాన్నే చెవికి పెట్టుకుని వినొచ్చు. ముచ్చటైన ఏర్పాటే, ఒప్పుకోవాలి. చిక్కల్లా ఒక్కటే: ఆ కరెంటు మన గొంతు బలంతోనే పుట్టాలి. దూరం పెరిగితే అరవాల్సిందే.

ఎడిసన్ అదే ఏడాది దారి మార్చాడు. కరెంటు బ్యాటరీ ఇస్తుంది, గొంతు దాన్ని అదుపు చేస్తే చాలు. రేకు వెనక దీపపు మసితో చేసిన కార్బన్ బిళ్ల పెట్టాడు. ఒత్తిడి పెరిగితే బిళ్ల నిరోధం తగ్గి కరెంటు ఎక్కువ పారుతుంది, ఒత్తిడి తగ్గితే తక్కువ. కుళాయి తిప్పినట్టన్నమాట. తర్వాత బిళ్ల స్థానంలో కార్బన్ రవ్వలు వచ్చాయి. అవి గడ్డకట్టి మాట సరిగా వెళ్లకపోతే రిసీవర్‌ను ఠకఠకా తట్టేవాళ్లం!

మాట పంపడానికి నా ఓటు ఎడిసన్‌కే. వినడానికి మాత్రం బెల్ వాడిన అయస్కాంతం, తీగచుట్ట జోడీయే నిలిచింది. ఇప్పటి ఇయర్‌ఫోన్లలో చాలావాటిలో ఉన్నది ఆ జోడీయే.